ఫాతిమాబీ తవుడు మూట

ఫాతిమాబీ గాజులు తొడిగేటప్పుడు ఎవరినీ "నొస్తాందా?" అని అడిగేది కాదు. ఆ మాట చేతకానివాళ్ళు అడిగేదని ఆమె గర్వం. మా బత్తలపల్లెలో ఆమెకు చెయ్యి చాపిన ఆడవాళ్ళెవరూ ఆ గర్వాన్ని తప్పు పట్టలేదు. మన చేతిని తన ఎడమ చేతిలోకి తీసుకుని, బొటనవేలి కింది కండను మెల్లగా లోపలికి మడిచి, కణుపులను ఒకదానిమీదికి ఒకటి జరిపి, "ఏం కూర చేసినావమ్మే పొద్దున?" అని అడిగేది. వంకాయో, చింతాకు పప్పో మనం చెప్పేలోపు గాజు మణికట్టు మీద ఉండేది. ఎముకలు తనతో మాట్లాడతాయని చెప్పుకునేది. పొగరే, కానీ పని వచ్చినవాళ్ళకు ఆ మాత్రం పొగరు ఉంటే నాకు నచ్చుతుంది.

మాది ఆమె పక్కిల్లు. నా పేరు ఉమాదేవి. మా అమ్మ రామసుబ్బమ్మకు ఒక బర్రె ఉండేది. ఆ బర్రె తర్వాతే మేమంతా. నన్ను శింగనమల ఇచ్చారు. తొంభై తొమ్మిదిలో, వేరుశనగ చెట్లకు ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసిన ఆ సంవత్సరం, కాన్పుకని పుట్టింటికి వచ్చాను. అంతకు ముందొకటి నిలవలేదు. అందువల్ల మా అమ్మకు ఆ రోజుల్లో బల్లి అరిచినా భయమే, పాలు పొంగి పోయినా భయమే. నేను గడప మీద కూర్చుంటే ఊరంతా వినబడేట్టు తిట్టేది. సీమంతానికి శుక్రవారం పెట్టుకున్నారు. ఆ రోజు గాజులు తొడగవలసింది ఫాతిమాబీయే. నా ఐదో ఏట నుంచి, నా పెళ్ళితో సహా, నా చేతికి ఇంకొకరు గాజు తొడిగింది లేదు.

ఆ పేరంటంలో గాజు పగిలితే ఏమనుకుంటారో చెప్పనక్కరలేదు. ముందు నిలవని కడుపు. దాని మీద పగిలిన గాజు. మా అమ్మ ఆ మాట పైకి అనకుండా గాజుల కోసం ముందే ఫాతిమాబీకి తాంబూలం ఇచ్చి వచ్చింది.

ఆ తాంబూలం తీసుకున్న రోజు నుంచి ఫాతిమాబీకి అన్నం సయించలేదట. ఇదంతా నాకు ఆమె కూతురు ఆరీఫా తర్వాత చెప్పింది, కొంత ఫాతిమాబీ తానే చెప్పింది. అంతకు చాలా నెలల ముందే ఆమె ఎడమ చేతి వెనక, చిటికెన వేలి పక్కన, ఒక మచ్చ లేచింది. మొదట్లో బొట్టుబిళ్ళంత. రంగు వెలిసినట్టు ఉండేది, అంతే. గాజుల మీది రంగు ఒంటికి పడలేదేమో అనుకుంది. అది తమలపాకంత అయ్యేసరికి జాకెట్టుకు పొడుగు చేతులు కుట్టించుకుంది. అనంతపురం ఎండలో పొడుగు చేతుల జాకెట్టు! అడిగినవాళ్ళకు కొత్త మోస్తరని చెప్పింది.

మచ్చతో పోతే సరే. గాజులు పగలడం మొదలైంది. పుష్పావతి అని కొత్త పెళ్ళికూతురి చేతిమీద గాజు విరిగి రక్తం వచ్చింది. ఇంకొకావిడ "నిదానం అక్కా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఫాతిమాబీ అనంతపురం వెళ్ళి, సరుకు ఇచ్చిన అంగడివాడిని పిచ్చి సరుకు అంటగట్టినావని నలుగురిలో కడిగేసి వచ్చింది. వాడు పాపం సరుకంతా మార్చి ఇచ్చాడు. మార్చిన గాజులూ పగిలాయి.

మా బడి గోడమీద ఆ రోజుల్లో ఎర్రని అక్షరాలతో రాసి ఉండేది: స్పర్శ తెలియని మచ్చ ఉంటే దాచుకోకండి, వైద్యం ఉచితం. పక్కన ఒక చెయ్యి బొమ్మ. ఫాతిమాబీకి తెలుగు చదవడం రాదు కానీ ఆ గోడ ఏం చెబుతోందో ఊళ్ళో చదువురాని వాళ్ళకూ తెలుసు. గురప్ప అని ఒకాయన సైకిల్ మీద ఊరూరూ తిరిగి ఒళ్ళు చూసేవాడు. ఆయన అసలు ఉద్యోగం పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ మచ్చల సారే. ఆయన సైకిల్ గంట వినబడితే ఫాతిమాబీ గాజుల మలారం నెత్తిన పెట్టుకుని పక్క సందులోకి తిరిగేది. పెద్దరోగం అనే మాట తన ఇంట్లో మనసులో కూడా అనుకోనివ్వలేదు. గాజులమ్మకు ఆ రోగం ఉందని తెలిస్తే చెయ్యి చాపేవాళ్ళు ఎవరు? ఆమె భర్త అతావుల్లా తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో ఉండేవాడు, సెలవు దొరికితే వచ్చేవాడు. అతనికీ చెప్పలేదు.

అట్లాంటి సమయంలో మార్చి తెచ్చిన గాజుల పెట్టెలో, గాజులు కదలకుండా చుట్టిన పాత పేపరు ముక్క దొరికింది. ఆడవాళ్ళ పేజీ. సున్నం కొట్టినంత తెల్లటి ముఖంతో ఒక ఆడమనిషి బొమ్మ. ధర్మవరంలో ఇంటర్ చదివే ఆరీఫా అది పైకి చదివింది. జపాను దేశంలో ఆడవాళ్ళు పూర్వం నుంచి సబ్బు వాడరట. బియ్యం తవుడును పల్చటి గుడ్డలో మూట కట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండితే పాలలాంటి నీళ్ళు వస్తాయి, ఆ మూటతో ఒళ్ళు మెల్లగా రుద్దుకుంటే మచ్చలు మాసి చర్మం నునుపు తేలుతుందట. ఎన్నాళ్ళు రుద్దాలో ఉన్న చోట పేపరు చినిగిపోయింది.

"మచ్చలు పోతాయని రాసినారా? నిజ్జంగా రాసినారా?" అని ఫాతిమాబీ ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

"రాసినారమ్మా. ఏ మచ్చలో రాయలేదు."

"మచ్చంటే మచ్చే. జపానోళ్ళకు ఒక మచ్చ, మనకొక మచ్చ ఉంటాదా?"

మర్నాడు పొద్దున ఆమె మా గోడ దగ్గరకు వచ్చి నిలబడింది. "రామసుబ్బక్కా, రొంత తవుడు పెడతావా?"

"తవుడా? నీకు యాలకే?" అంది మా అమ్మ.

"ఊరికే."

"ఊరికే తవుడు అడిగినోళ్ళను నేను యాడా సూళ్ళేదు. బర్రెకే చాలక సస్తాంటే." తిట్టుకుంటూనే చేటెడు పెట్టింది. మా నాయన శింగనమల చెరువు కింది రైసుమిల్లు నుంచి బర్రె కోసం తెచ్చిన తవుడు అది. ఆమె అటు వెళ్ళగానే మా అమ్మ నా దగ్గర కూర్చుంది. "గొడ్డూ లేదు, గోదా లేదు. ఒక కోడిపిల్ల గూడ లేదు. తవుడు ఏం చేసుకుంటాదే ఇది? బక్రీదుకు యాడన్నా పొట్టేలును దాసి పెట్టి మేపుతాందా?" అప్పటి నుంచి మా అమ్మ పిట్టగోడ మీదుగా ఆ పొట్టేలు కోసం తొంగి చూడని పూట లేదు. పొట్టేలు అరవడం కూడా ఒకసారి విన్నానంది.

పొట్టేలు లేదు. పొద్దున్నే తలుపు దగ్గరేసుకుని తల్లీకూతుళ్ళు తవుడు మూట పిండేవాళ్ళు. ఫాతిమాబీ మచ్చ మీద రుద్దేది, కడిగేది, వెలుతురులోకి వెళ్ళి చూసుకునేది. "తగ్గిందా? అంచున రొంత తగ్గినట్ల లేదా?" అని అడిగేది. ఆరీఫా తగ్గింది అనేది ఒకరోజు, తెలియడం లేదు అనేది ఒకరోజు. మిగిలిన తవుడు పాలు పారబోయడం ఎందుకని ఆరీఫా ముఖానికి పూసుకునేది. దాని బుగ్గలు మాత్రం నిజంగా నునుపు తేలాయి. ఏం క్రీము వాడుతున్నావని కాలేజీలో అడిగారట. జపాను వాళ్ళు అబద్ధం చెప్పలేదు. పిల్ల బుగ్గలకు అది మంచిదే. ఫాతిమాబీ చేతిమీద ఉన్నది మాత్రం కదలలేదు.

సీమంతం దగ్గర పడే కొద్దీ ఆమెకు కాలు నిలవలేదు. గురువారం మధ్యాహ్నం ఆమెకొక ఆలోచన వచ్చింది. తవుడు మూట అంటే మా వైపు పుట్టినవాళ్ళకు ఎవరికైనా గుర్తొచ్చేది ఒకటే, కాపడం. నడుము పట్టినా, మోకాలు వాచినా, తవుడునో ఉప్పునో గుడ్డలో కట్టి పెనం మీద వేడి చేసి అద్దుతాం. ఆ జపాను వాళ్ళు గోరువెచ్చగా అని ఎందుకు రాశారో ఫాతిమాబీకి అర్థం కాలేదు.

"అమ్మా, కాలబెట్టమని యాడా రాయలేదు," అంది ఆరీఫా.

"వాళ్ళకేం తెల్సు? కాపడమంటే కాలాల. కాలకుంటే ఏం పని జేస్తాది? పై పైన రుద్దినందుకే పోలేదు ఇది. లోపలికి తగలాల."

పొడి తవుడు గట్టిగా మూట కట్టి పెనం మీద పెట్టింది. తిప్పి తిప్పి కాల్చింది. తీసి ఎడమ చేతి వెనక అద్ది నొక్కి పట్టుకుంది. "వేడే కాలేదు ఇది," అంటూ మళ్ళీ పెనం మీద పెట్టింది, మళ్ళీ నొక్కింది. గుడ్డ కమురు వాసన వచ్చేసరికి ఆరీఫా లేచి వచ్చి మూట లాక్కోబోయింది. మూట తగలగానే కెవ్వుమని వదిలేసింది. దాని వేళ్ళు ఎర్రగా కాలాయి.

ఫాతిమాబీ కూతురి వేళ్ళ వంక చూసింది. తర్వాత తన చెయ్యి చూసుకుంది. మచ్చ నిండా తెల్లగా బొబ్బ లేచింది. నొప్పి కోసం ఎదురు చూసింది. రాలేదు. చిటికెన వేలుతో, ఉంగరపు వేలుతో మూటను మళ్ళీ ముట్టి చూసింది. ఆ వేళ్ళకూ ఏమీ తెలియలేదు. గాజులు ఎందుకు పగులుతున్నాయో అప్పుడు ఆమెకు తెలిసింది. అంగడివాడి సరుకులో ఏ లోపమూ లేదు. ఎంత నొక్కుతోందో ఆ వేళ్ళు ఆమెకు చెప్పడం మానేసి చాలా రోజులైంది.

ఆరీఫా ఏడుస్తూ మా ఇంటికి వెన్న కోసం వచ్చింది. "మా యమ్మ చెయ్యి కాలింది రామసుబ్బత్తా." మా అమ్మ నోటికి ఎంత దూకుడో మనిషికి అంత జాలి. వెన్న గిన్నె తీసుకుని దాని కంటే ముందు పరిగెత్తింది. నేను పొట్ట పట్టుకుని వెనకే వెళ్ళాను.

ఫాతిమాబీ పొయ్యి ముందు కూర్చుని ఉంది. జాకెట్టు చెయ్యి మోచేతి దాకా మడిచి ఉంది. మా అమ్మ వంగి, "ఎట్ల కాల్చుకుంటివే, కండ్లు యాడ పెట్టినావు?" అంటూ బొబ్బ చూసింది. బొబ్బ చుట్టూ వెలిసిన చర్మం చూసింది. పక్కనే పడి ఉన్న తవుడు మూట చూసింది. తర్వాత ఫాతిమాబీ ముఖం చూసింది. ఆ ముఖంలో కాలినవాళ్ళ నొప్పి ఎక్కడా లేదు.

మా అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

నాకు చాలా సిగ్గేసింది. ఆ అడుగు ఫాతిమాబీ చూసింది. మా అమ్మ వెన్న గిన్నె కింద పెట్టి, నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. వాకిట్లో నా చేత కాళ్ళు కడిగించింది. బర్రెకు కుడితి పెట్టడం మరిచిపోయింది. అది అరుస్తున్నా కదలకుండా కూర్చుంది. మా అమ్మ బర్రెను మరిచిపోవడం నేను అదే మొదటిసారి చూడడం.

"ధర్మవరం నుంచి వేరేవాళ్ళను పిలిపిస్తా," అంది చివరికి.

"నేను వేయించుకోను," అన్నాను.

"నీకేం తెల్సు? ముందొకసారి ఏమైందో మర్సిపోయినావా? దాని జబ్బు నీ కడుపులో బిడ్డకు తగిలితే? గాజు పగిలితే?"

"మర్సిపోలేదమ్మా. అప్పుడు గాజులు పగల్లేదు కదా. ఐనా నిలవలేదు కదా."

మా అమ్మ నా వైపు చూడకుండా లేచి కుడితి కలపడానికి వెళ్ళింది. నాకూ భయం లేదని చెప్పను. ఆ సాయంత్రమంతా నా చేతులు చూసుకుంటూనే కూర్చున్నాను. వేవిళ్ళప్పుడు ఎండిపోయిన చేతులు అప్పటికి ఉబ్బి, పాత గాజులు చర్మంలోకి దిగి ఉన్నాయి.

శుక్రవారం తెల్లవారగానే ఫాతిమాబీ ఏ సందులోకీ తిరగలేదు. బడి గోడ ముందు నుంచే నడిచి, కూతురిని వెంటబెట్టుకుని ఆస్పత్రిలో మచ్చల సారు దగ్గరకు వెళ్ళింది. ఆయన కట్టు కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. చిటికెన, ఉంగరపు వేళ్ళ మీద పెన్ను ముట్టిస్తాననీ, ముట్టించిన చోట వేలు పెట్టి చూపించమనీ అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. చాలాసేపు కూర్చుంది. "సారూ, ఎప్పుడు మొదలు పెడతావు?" అని అడిగింది. ఆయన అప్పటికే ముట్టించడం ముగించి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. పక్కన నిలబడిన ఆరీఫా గోడ వైపు తిరిగి ఏడ్చింది.

"భయపడాకమ్మా," అన్నాడు గురప్ప. "మాత్రలు ఆర్నెల్లు మింగల్ల. ఒక్క పూట గూడ తప్పకూడదు. జబ్బు పోతాది. చెయ్యి పట్టుకున్నంత మాత్రాన ఎవరికీ రాదు. పోయిన స్పర్శ మాత్రం తిరిగొస్తాదో రాదో నేను మాటియ్యలేను. ముందే వచ్చింటే బాగుండేది."

"నేను గాజులు తొడగొచ్చా సారూ?"

"తొడుగు. ఆ వేళ్ళను మాత్రం నమ్మాక."

మొదటి మాత్ర ఆయన ముందే మింగి, ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. పేరంటాళ్ళు అప్పటికే వసారాలో చాప మీద కూర్చుని ఉన్నారు. ధర్మవరానికి మనిషిని పంపడమా మానడమా అని మా అమ్మ ఇంకా తేల్చుకోలేక వాకిట్లోకి, వంటింట్లోకి తిరుగుతోంది. ఫాతిమాబీ వసారా ఎక్కలేదు. ఎండలోనే మలారం దించి నిలబడింది. పొడుగు చేతుల జాకెట్టు లేదు. కట్టు అందరికీ కనబడుతోంది.

"రామసుబ్బక్కా," అంది గట్టిగానే. "నాకు ఆ జబ్బే. సారు మాత్ర మింగించినాడు. అంటుకోదంట. ఐనా నీ బిడ్డ, నీ ఇష్టం. గాజులైతే నీకని పెట్టినవి. ఎవరితోనైనా ఏయించుకో."

మా అమ్మ పసుపు గిన్నెతో వసారా అంచు దాకా వచ్చింది. "అంటుకుంటాదని రొంత బయం ఉండాది ఫాతిమా. లేదని అబద్ధం చెప్పను. అంతకన్నా బయం ఇంగోటి. నీ వేళ్ళకు తెల్దు కదా. గాజు పగిలేటట్లుందని నీకు ఎట్ల తెలుస్తాది?"

ఫాతిమాబీ కట్టు పక్కన తన వేళ్ళ వంక చూసుకుంది. ఇప్పుడు అనబోయే మాట ఆమెకు ఎంత కష్టమో అక్కడ చాప మీద ఉన్న ఆడవాళ్ళందరికీ తెలుసు.

"అడుగుతా," అంది.

నేను చాప మీద నుంచి చెయ్యి చాపాను. మా అమ్మ అడ్డం రాలేదు. ఆమె వసారా ఎక్కి నా ముందు కూర్చుని, నా చెయ్యి తన కట్టు కట్టిన చేతిలోకి తీసుకుంది. ఆకుపచ్చ గాజు నాలుగు వేళ్ళు దాటి కణుపుల దగ్గర ఆగింది. కూర ఏం చేసినావని అడగలేదు. "నొస్తాందా తల్లీ?" అంది.

చాలా నొప్పి పుట్టింది. "లేదు చిన్నమ్మా," అన్నాను. ఆమెను బాధపెట్టడం ఇష్టం లేక అన్నాను. ఇంకొంచెం నొక్కింది. గాజు ఎముక మీద బిగుసుకుంది. మా అమ్మ కళ్ళు మూసుకుంది.

ఫాతిమాబీ నా చెయ్యి చూడడం మాని నా ముఖం చూసింది. వెంటనే నొక్కడం ఆపింది. "అబద్ధం చెప్పాక ఉమా. నువ్వు గూడ చెప్పకుంటే నాకు ఎవరు చెప్తారు?"

"నొస్తాంది చిన్నమ్మా," అన్నాను. "చానా నొస్తాంది. బొటనవేలి కింద."

ఆమె ముఖం తేటపడింది. గాజు వెనక్కి తీసింది. సబ్బు నురగ తెమ్మని, నా బొటనవేలిని ఇంకో తీరుగా మడిచి, మళ్ళీ అడిగింది. నొస్తోందంటే ఆగింది, లేదంటే కదిలింది. గాజు మణికట్టు మీదికి జారింది. ఒకదాని వెనక ఒకటి, అడుగుతూ, ఆగుతూ, రెండు చేతులూ నిండేసరికి మధ్యాహ్నమైంది. ఒక్కటీ పగల్లేదు. చివర అలవాటు ప్రకారం కొసరు గాజు వేసి, తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకెవరి ముందుకూ జరగలేదు. చాప మీద ఎవరూ చెయ్యి చాపలేదు కూడా. పేరంటానికి వచ్చిన ముత్తైదువలు ఎప్పుడూ గాజులు వేయించుకోకుండా లేచేవాళ్ళు కాదు.

మా అమ్మ పసుపు గిన్నె కింద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి, ఫాతిమాబీకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని చెయ్యి ముందుకు తోసింది.

"నాకూ ఎయ్యి," అంది. "నువ్వు అడగాల్సిన పని గూడ లేదు. నొస్తే నేను అరుస్తా. నా నోరు నీకు తెల్సు కదా."